బండి యజమాని బాధ్యత



నేడు నేను మాటలాడబూనిన విషయము మోటారువాహనముల చట్టము. ఈ పేరు వినగానే, "మేము బండ్లు తోలువారము కాము, ఇది కుఱ్ఱవాండ్రకు చెప్పవలసిన ముచ్చట" అని మీలో పలువురు అనుకొనవచ్చును. అట్లనుకొనుట సహజమే. కాని చట్టమును విప్పి చదివినచో బండి తోలినవానినిగూర్చి యెంత యున్నదో, బండి యిచ్చినవానినిగూర్చియు అంత యున్నది. ఇంటిలోని మోటారుసైకిలు ఎవరి పేర రిజిస్టరయి యున్నది? ట్రాక్టరు కొనుటకు బ్యాంకులో వ్రాలు చేసినవారెవరు? తాళపుచెవులు ఏ గూటిలో, ఎవరి కనుసన్నల నుండును? ఈ మూడు ప్రశ్నలకును పల్లెటూళ్లలో ప్రాయికముగా ఒకటే సమాధానము: ఇంటి పెద్ద. కావున ఈ ప్రసంగము మీకొఱకే.

మాది మంగళగిరి. కొండమీద పానకాలస్వామి, క్రింద లక్ష్మీనరసింహస్వామివారి గాలిగోపురము, ఊరిప్రక్కగా చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు జాతీయరహదారి. మునుపు దానిని ఐదవ నెంబరు రోడ్డు అనెడివారము. 2010లో దేశమందలి రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు అది 16వ నెంబరు అయినది. గుంటూరు మిరపబస్తాల లారీలు, కృష్ణ కావలినుండి వచ్చు బస్సులు, రాష్ట్రమునకు సంబంధములేని దూరదేశముల సరకులు అన్నియు రేయింబవళ్లు దానిపై పోవుచున్నవి. ఆ దారిలోనికే మా ప్రక్కపల్లెల డొంకలు, కాలువకట్టల త్రోవలు వచ్చి కలియుచున్నవి. గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగముతో వచ్చునదియు, గంటకు పదిహేను కిలోమీటర్ల వేగముతో గడ్డిమోపు మోయునదియు ఒక్క నేలమీద నడచుచున్నవి. ప్రమాదమునకు మూలమంతయు ఇందే యున్నది.

ఆ ప్రమాదముల లెక్క కేంద్రప్రభుత్వమువారు ఏటేట ప్రకటించుచున్నారు. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అందు మన ఆంధ్రప్రదేశమువారు ఎనిమిదివేలకు పైబడి యున్నారు. ఎనిమిదివేలమంది యనగా ఒక పెద్ద గ్రామము. అట్టి గ్రామ మొకటి, ఆబాలవృద్ధముగా, ఒక్క యేటిలో లేకుండ పోయినదని అనుకొనుడు.

నేను బాల్యమున గురువులయొద్ద సంస్కృతము చదివి, పిమ్మట బడిపంతులు ఉద్యోగము చేసినవాడను. అందుచే ఏ క్రొత్తచట్టము వచ్చినను, పూర్వులు ఈ విషయమున నేమనిరో చూచుట నాకు అలవాటు. కౌటిల్యుని అర్థశాస్త్రమును మైసూరునందు శ్యామశాస్త్రిగారు తాళపత్రములనుండి వెలికిదీసి 1909లో అచ్చువేయించిరి. అందు కంటకశోధనమను నాలుగవ అధికరణమున బండ్ల ప్రమాదములకు సంబంధించిన నియమములు కొన్ని యున్నవి. బండి తోలువాడు బాలుడైనచో, బండిలో కూర్చున్న యజమాని దండనీయుడు. యజమాని బండిలో లేనిచో, అందు కూర్చున్న మఱియొకడు దండనీయుడు. తోలువాడు వ్యవహారవయస్సు వచ్చినవాడైనచో వానినే దండింపవచ్చును. బాలుడు తోలు బండిని, మనిషిలేని బండిని రాజు స్వాధీనపఱచుకొనవలెను. ఇదీ ఆయన చెప్పినది. బాలుని దండింపుమని ఆయన చెప్పలేదు. పగ్గములు వాని చేతికి వచ్చుట చూచుచు ఊరకున్న పెద్దను దండింపుమనెను.

ఇప్పుడు నేటి చట్టమును చూడుడు. మోటారువాహనముల చట్టము 1988లో చేయబడినది. దానికి 2019లో పెద్ద సవరణము జరిగినది. ఆ సవరణములో 199-ఏ అను క్రొత్త సెక్షను చేర్చిరి. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు బండి తోలి నేరము చేసినచో, వాని సంరక్షకుడో, బండి యజమానియో నేరస్థుడుగా భావింపబడును. మూడేండ్లవఱకు కారాగారశిక్ష, 25,000 రూపాయల జుల్మానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు మాసములపాటు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. కౌటిల్యుడు బండిని రాజు పుచ్చుకొనవలెననెను. నేటి ప్రభుత్వము దాని రిజిస్ట్రేషనును పుచ్చుకొనుచున్నది. భేద మంతియే.

ఇందొక సూక్ష్మమున్నది. సామాన్యముగా నేరమును ఋజువుచేయవలసిన భారము ప్రభుత్వముమీద నుండును. ఈ సెక్షనులో అట్లు కాదు. పిల్లవాడు మీ సమ్మతితోనే బండి తీసికొనిపోయెనని న్యాయస్థానము ముందుగానే భావించును. "నాకు తెలియకుండ తీసికొనిపోయినాడు, నేను తగిన జాగ్రత్తలన్నియు తీసికొంటిని" అని ఋజువుచేసికొనవలసినది మీరే. తాళపుచెవి గుమ్మముప్రక్క మేకునకు వ్రేలాడుచుండగా ఆ మాట చెప్పిన ఎవరు నమ్ముదురు?

ఒక పెద్దమనిషి నాతో వాదించినాడు. "మాస్టారూ, మావాడు తొమ్మిదో తరగతే గాని, ట్రాక్టరు వెనక్కి తోలి ట్రక్కు తగిలించాడంటే పెద్ద డ్రైవర్లు కూడా ముక్కుమీద వేలేసుకోవాలి. వాడికి రాదంటే ఎట్లా?" అనెను. ఆ పిల్లవాని నేర్పును నేనును చూచితిని. అది నిజమే. కాని పొలములో వెనుకకు తోలుట చేతిపని. రోడ్డుమీద ఎదుటివాడు ఏమి చేయబోవుచున్నాడో ఊహించుట బుద్ధిపని. పదునాలుగేండ్లకు చేతులు వచ్చును. రెండవది రాదు. పద్యము కంఠస్థము చేసిన బాలునికి అర్థము తెలియుటకు మఱికొన్ని యేండ్లు పట్టునను సంగతి బడిపంతులుకు తెలియకపోదు.

పదునాఱేండ్లకే ఇచ్చెడి లైసెన్సు ఒకటి కలదందురు. కలదు. అది గేర్లులేని, యాబది సీసీలకు మించని చిన్నబండికి మాత్రమే. మన పిల్లలు బడులకు ఎక్కివచ్చు స్కూటర్లు సాధారణముగా నూఱు సీసీలు దాటినవి. ఆ లైసెన్సు వానికి చెల్లదు. పెద్దవాడైనను లైసెన్సులేనివానికి బండి ఇచ్చుట వేఱొక నేరము. దానికి మూడు మాసములవఱకు శిక్షయో, 5,000 రూపాయల జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. అందును శిక్ష పడునది ఇచ్చిన యజమానికే.

జుల్మానా సంగతి అటుంచుడు. అంతకంటె పెద్దసంగతి బీమా. ప్రతి బండికి పరులకు కలుగు నష్టమునకై బీమా చేయించుట చట్టప్రకారము విధి. బీమా యున్నది గదా యని మనము నిశ్చింతగా నుందుము. కాని లైసెన్సులేనివానికి యజమాని తెలిసి బండి ఇచ్చినచో, బీమా కంపెనీ ముందు బాధితునకు చెల్లించి, తరువాత ఆ సొమ్మంతయు యజమానియొద్ద రాబట్టుకొనుటకు న్యాయస్థానములు అనుమతించుచున్నవి. 2004లో సుప్రీముకోర్టువారు ఈ మార్గమును వివరముగా నిర్ణయించిరి. సంపాదనపరుడగు ఒక గృహస్థు మరణించినచో పరిహారము లక్షలలో నుండును. ఆ లక్షలు ఎచ్చటనుండి వచ్చునో నేను మీకు చెప్పనక్కఱలేదు. మాగాణి అమ్మినచో వచ్చును. మనుమనికి మిగుల్చవలెనని మీరు ముప్పదియేండ్లు కాపాడిన పొలము, ఆ మనుమని చేతికి ఒక్క సాయంకాలము తాళపుచెవి ఇచ్చుటవలన పోవచ్చును.

మనుధర్మశాస్త్రమున ఎనిమిదవ అధ్యాయమందు మఱియొక చమత్కారమున్నది. సారథి నేర్పులేనివాడై బండి దారితప్పి హాని కలిగించినచో యజమానికి రెండువందల పణములు దండనము. సారథి నేర్పరియైనచో దండనము సారథికే. సారథి నేర్పులేనివాడని యెఱిగియు ఆ బండిలో నెక్కి కూర్చున్నవారికి తలకొక నూఱు పణములు! ఎక్కినవారికేల దండనమని నేను చదువుకొను కాలమున ఆశ్చర్యపడితిని. నేడు మిరపకోతల కాలమున తెల్లవాఱుజామున కూలీలను ఎక్కించుకొని పోవు ఆటోలను చూచుచుండగా అర్థమగుచున్నది. ముగ్గురు కూర్చుండవలసిన ఆటోలో పదిమంది, పండ్రెండుమంది. డ్రైవరు సగము దేహము బయటనుంచి తోలుచుండును. ఎక్కినవారు పేదవారు, పని దొరకదను భయముచేత ఎక్కుదురు. వారిని దండింపుమని నేననను. కాని కూలీలను పిలిపించు రైతు రెండవ ఆటోకు కిరాయి ఇచ్చినచో సరిపోవును గదా! మన పొలమునకు వచ్చు మనుష్యుల ప్రాణము మన పూచీయే. ట్రాక్టరు ట్రక్కులో మనుష్యులను ఎక్కించుటయు ఇట్టిదే. పెండ్లివారైనను, తిరునాళ్లకు పోవువారైనను, ట్రక్కు ధాన్యమునకు గాని మనుష్యులకు కాదు. అందు కూర్చున్నవారికి బీమా రక్షణయు ఉండదు.

అదే శాస్త్రమున, సారథి "తొలగుడు, తొలగుడు" అని కేకవేసిన పిమ్మట జరిగిన హానికి దండనము లేదనియు ఉన్నది. దీనినే పట్టుకొని మనవారు హారను మ్రోగించినచో పాపమంతయు తీఱిపోయెనని తలచుచున్నారేమో! కాని తరువాతి శ్లోకమును వారు చదువలేదు. దారిలో పశువులో, మఱియొక బండియో అడ్డముగా నుండగా చూచియు తోలి ప్రాణహాని చేసినచో, విచారణ లేకయే దండనము విధింపవలెనని అందున్నది. కేకవేయుటతో పని తీఱలేదు. ఆగవలెను.

ఇక రాత్రివేళ ట్రాక్టరు సంగతి. దీనినిగూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన ఈ డెల్టాదేశమున దీనివలన పోయిన ప్రాణములకు లెక్కలేదు. పూర్వము ఎడ్లబండికి ఇరుసుక్రింద లాంతరు వ్రేలాడగట్టెడివారము. బండివాడు నిద్రపోయినను లాంతరు మేలుకొని యుండెడిది. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చినది, లాంతరు మాత్రము పోయినది. ట్రాక్టరుకు ముందు దీపములున్నవి. వెనుక కట్టిన ట్రక్కునకు ఏమున్నది? తుప్పుపట్టిన ఇనుపరేకు, దానిపైన నాలుగువైపులకు వ్రేలాడు వరిగడ్డి. చీకటిలో అది గోడవంటిది. ముందు దీపముల కాంతి ఎదుటివైపునకే పోవును గనుక, వెనుకనుండి వచ్చువానికి దగ్గఱకు వచ్చువఱకు ఏమియు కనబడదు.

ఎంత దగ్గఱ? గంటకు అఱువది కిలోమీటర్ల వేగముతో పోవువాడు ఒక్క సెకనులో దాదాపు పదునేడు మీటర్లు పోవును. మా మంగళగిరి నేతచీర ఐదున్నర మీటర్లు. మూడుచీరలు వరుసగా పఱచినంత దూరము. అడ్డము కనబడినదని మనస్సునకు తోచి, కాలు బ్రేకుమీదికి పోవుటకే ఆ ఒక్క సెకను పట్టును. అనగా మూడుచీరల దూరము పోయిన తరువాతగాని బ్రేకు పడనే పడదు. పడిన తరువాతను బండి వెంటనే ఆగదు. వేగము రెండింతలైనచో ఆగుటకు పట్టు దూరము రెండింతలు కాదు, నాలుగింతలు. ఇది గణితము. దీనికి నేర్పుతో పనిలేదు. మా స్వామి రథోత్సవమున రథము నడకవేగముననే కదలును. అయినను చక్రములప్రక్కన కొయ్యదిమ్మలు పట్టుకొని మనుష్యులు అనుక్షణము సిద్ధముగా నడచుచుందురు. బరువైనది కదలుటకంటె ఆగుట కష్టమని వారికి తెలియును.

చట్టప్రకారము ప్రొద్దుక్రుంకిన అరగంటనుండి ప్రొద్దుపొడుచుటకు అరగంట ముందువఱకు దీపములు వెలుగవలెను. ట్రక్కునకు సైతము వెనుక రెండుప్రక్కల ఎఱ్ఱని రిఫ్లెక్టర్లుండవలెను. వెలుగు పడగానే తళుక్కుమను ఎఱ్ఱకాగితపు పట్టీలు బజారులో దొరకును. ఒక పురుగుమందు డబ్బాకంటె వాని ఖరీదు తక్కువ. గడ్డి వ్రేలాడి వానిని కప్పివేయకుండ చూచుకొనవలెను, లేనిచో అతికించియు ప్రయోజనము లేదు. బండి చెడి రోడ్డుపై నిలిచిపోయినచో దానిని అపాయకరముగా విడిచిపోరాదని 122వ సెక్షను చెప్పుచున్నది. మెకానికు కొఱకు పోవుటకు ముందు వెనుక చాలదూరమున ఏదైన ఎఱ్ఱగుడ్డయో, చెట్టుకొమ్మయో పెట్టి, ఒక మనిషిని టార్చిలైటుతో నిలుపవలెను. పోవునప్పుడు, అడ్డముపెట్టిన రాళ్లను తీసివేయవలెను. బండి పోయినది, రాళ్లు మిగిలినవి, తరువాత వచ్చిన మోటారుసైకిలువాడు వానిమీద పడినాడు. ఇట్టివి ఎన్ని వినలేదు!

వడ్లు, మొక్కజొన్నలు రోడ్డుమీద ఆరబోయుటయు ఈ జాతిలోనిదే. కల్లమునకు చోటు చాలక, వర్షభయముచేత ఆరబోయుచున్నారని నాకు తెలియును. రైతు కష్టము రైతునకే ఎఱుక. కాని సగము రోడ్డు ఆక్రమించి, చుట్టును రాళ్లు పేర్చి, ప్రొద్దుక్రుంకగానే నల్లని బరకము కప్పి ఇంటికి పోవుచున్నారు. చీకటిలో ఆ నల్లకుప్ప ఎవనికి కనబడును? గింజలమీద మోటారుసైకిలు చక్రము నిలువదు. గ్రామములో బడి ఆవరణ, మార్కెటుయార్డు, గుడిముందు ఖాళీస్థలము ఏదేని యొకటి కొన్నిదినములు ఈ పనికి కేటాయింపవచ్చును. ఇది పోలీసులు చేయదగిన పనికాదు. పంచాయతిలో మీరు నలుగురు కూర్చుండి తీర్మానింపవలసిన పని.

రహదారిపై ఎదురుదారిలో వచ్చుటనుగూర్చి ఒక్కమాట. అవతలిప్రక్కకు పోవుటకు రెండు కిలోమీటర్లు పోయి తిరిగి రావలెనని, అరకిలోమీటరు ఎదురుగా తోలుచున్నారు. అరలీటరు పెట్రోలు కూడ మిగులదు. ఇంతకంటె చెప్పను.

త్రాగి తోలుటకు, నూఱు మిల్లీలీటర్ల రక్తములో ముప్పది మిల్లీగ్రాముల మద్యము దాటినచో, మొదటిసారి ఆఱుమాసములవఱకు శిక్షయో, 10,000 రూపాయల జుల్మానాయో, రెండునో. కల్లు అయినను మద్యమే. పూర్వము త్రాగినవాడు బండిలో పండుకొన్నచో ఎడ్లు వానిని ఇంటిముందు దింపెడివి. మోటారుకు ఇల్లు తెలియదు.

తలకు పెట్టుకొను హెల్మెటునుగూర్చి పిల్లలు మీ మాట వినరందురు. వినకపోవుటకు కారణము మీరు పెట్టుకొనకపోవుటయే. 2022లో హెల్మెటు లేక మరణించినవారు దేశమున 50,029 మంది. వారిలో పదునాలుగువేలకు పైగా వెనుక కూర్చున్నవారు. చట్టము ముందువానికి, వెనుకవానికి సమానమే. వెయ్యిరూపాయల జుల్మానా, మూడు మాసములు లైసెన్సు నిలుపుదల. ముగ్గురు ఎక్కినను ఇదే శిక్ష. మనుమని ముందు ట్యాంకుమీద నిలువబెట్టి ఊరేగించు తాతలు వినవలసిన దొకటి కలదు. తొమ్మిదినెలలనుండి నాలుగేండ్లలోపు పిల్లలకు గూడ హెల్మెటు, తోలువానితో కలిపి కట్టు పట్టీ ఉండవలెననియు, వేగము నలువది కిలోమీటర్లు దాటరాదనియు 2023 ఫిబ్రవరినుండి నియమము అమలులో నున్నది. స్త్రీలు ఒకప్రక్కగా కూర్చున్నప్పుడు కొంగు చక్రమున చుట్టుకొనకుండ వెనుకచక్రమునకు సగమువఱకైన కప్పుండవలెనని కూడ నియమమున్నది. క్రొత్తబండి కొన్న కుఱ్ఱవాడు అందము చెడునని మొదట ఊడదీయునది అదియే. చీర నేసిన ఊరివాడను గనుక ఈ సంగతి ప్రత్యేకముగా చెప్పుచున్నాను.

జుల్మానాలలో కొన్నిటిని కోర్టుకు పోకుండ రాజీపై చెల్లించుకొను మొత్తములను నిర్ణయించు అధికారము రాష్ట్రప్రభుత్వములకు కలదు. మన రాష్ట్రము ఆ మొత్తములను 2020 అక్టోబరులో హెచ్చించినది.

చివరకు, ప్రమాదము జరిగిన తరువాతి కర్తవ్యము. గాయపడినవానిని తాకినచో కేసులో ఇఱుకుకొందుమను భయము మన పల్లెలలో ఇంకను ఉన్నది. ఆ భయమునకు ఇప్పుడు ఆధారములేదు. 2019 సవరణములో 134-ఏ సెక్షను చేర్చి, సద్బుద్ధితో సహాయపడినవానిపై సివిలు, క్రిమినలు కేసులుండవని శాసించిరి. 2020 సెప్టెంబరులో దానికి నియమములు ప్రకటించిరి. పేరు చెప్పుమని పోలీసులు గాని, ఆస్పత్రివారు గాని అతనిని నిర్బంధింపరాదు. గాయపడిన తొలి గంట అమూల్యమని చట్టములోనే వ్రాయబడినది. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము ప్రకారము, రోడ్డు ప్రమాదమున గాయపడినవానికి ఏడు దినములవఱకు లక్షన్నర రూపాయలదాక నగదు చెల్లింపకయే చికిత్స జరుగవలెను. కావున డబ్బు లేదని ఆలసింపవలదు.

108 అను అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. జాతీయరహదారిపై 1033కు కూడ ఫోను చేయవచ్చును. స్పృహలేనివాని నోట నీళ్లు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. మెడ వంచి ఎత్తరాదు. ఫోనులో చెప్పునప్పుడు "మంగళగిరి దగ్గఱ" అన్నచో ఎవరికి తెలియును? రోడ్డుప్రక్క కిలోమీటరు రాతిమీది సంఖ్య చెప్పవలెను. చీకటిలో రాయి కనబడనిచో, దగ్గఱనున్న పెట్రోలుబంకు పేరో, కాజ టోలుగేటునుండి ఎంత దూరమో చెప్పుడు. గుంటూరువైపు పోవు త్రోవయో, విజయవాడవైపు పోవు త్రోవయో తప్పక చెప్పుడు. రెండు త్రోవల నడుమ గట్టు కట్టియున్నది. వైపు తప్పుచెప్పినచో అంబులెన్సు ఎదుట కనబడుచునే యుండియు, మీయొద్దకు వచ్చుటకు చాలదూరము పోయి తిరిగి రావలసివచ్చును.